తొలి పాటకు తగిన పరికరము

సంగీతము చేయవలెనను సంకల్పము పుట్టిన పదునెనిమిదేండ్ల పిల్లవాడు ఈ దినములలో కంప్యూటరు ముందు కూర్చుండి మొట్టమొదట వేయు ప్రశ్న ఒక్కటే: ఏ సాఫ్ట్‌వేరు శ్రేష్ఠము? దానికి సమాధానముగా అతనికి పది పేర్లు వినవచ్చును. ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క ప్రసిద్ధ సంగీత దర్శకుని పేరు వినవచ్చును. ఆ పేర్ల వెలుగులో తన యంత్రము యొక్క శక్తిని, తన చేతిలోని ధనమును, అన్నిటికంటె ముఖ్యముగా తాను చేయదలచిన పనిని మఱచి, పెద్దవారు వాడుదానినే తానును సంపాదించి, దాని తెరపై కానవచ్చు వందలాది మీటలను చూచి బెదరి, నెల తిరుగకముందే తనకు సంగీతయోగము లేదని నిశ్చయించుకొని విరమించువారు మన నడుమ అనేకులున్నారు. వారిలో చాలమందికి చెవి ఉన్నది, గొంతు ఉన్నది, లయజ్ఞానమున్నది. వారిని వెనుకకు త్రిప్పినది తప్పుగా వేయబడిన ఆ మొదటి ప్రశ్నయే.

ఈ విషయములో శ్రేష్ఠమైనది యనునది లేదని నా దృఢాభిప్రాయము. నేడు పేరు మోసిన సాఫ్ట్‌వేరులన్నియు గొంతును రికార్డు చేయగలవు, వాద్యములను ఒకదానిపై నొకటి పేర్చగలవు, మిక్సింగు చేసి తుది పాటను వెలువరింపగలవు. వాని ధ్వనిగుణములో శ్రోత గుర్తింపగల భేదము లేదు. భేదమున్నది స్వభావములో. ప్రతి సాఫ్ట్‌వేరును ఎవరో ఒకరు, ఏదో ఒక ఊరిలో, తమకు కలిగిన ఒకానొక అవసరమును తీర్చుకొనుటకై నిర్మించినారు. ఆ తరువాత ఎన్ని హంగులు చేర్చినను, పుట్టుక నాటి ఆ అవసరము దాని నడకలో నేటికిని కనబడుచునే యున్నది. కావున ఏది ఏ పనికై పుట్టినదో ఆ చరిత్రను కొంచెము తెలిసికొన్నవాడు, సౌకర్యముల పట్టికలను వల్లించువానికంటె తేలికగా తన దారిని కనుగొనగలడు.

ప్రో టూల్స్ సంగతి చూడుడు. కాలిఫోర్నియాలో పీటర్ గాచర్, ఇవాన్ బ్రూక్స్ అను ఇరువురు మిత్రులు డ్రమ్ము ధ్వనులను కంప్యూటరు తెరపై దిద్దు ప్రయత్నముతో మొదలుపెట్టి, డిజిడిజైన్ అను తమ సంస్థ పక్షమున 1991లో దీనిని వెలువరించినారు. తొలినాడు దానికి నాలుగు ట్రాకులే ఉండెడివి. అయస్కాంతపు టేపును బ్లేడుతో కోసి అతికించు స్టూడియో ఇంజనీరు పనిని తెరమీదికి తెచ్చుటయే దాని ధ్యేయము. అందుచేత రికార్డయిన ధ్వనిని కోయుటలోను, అతుకుటలోను, పది టేకులలోని మంచి పలుకులను ఏరి ఒక్క టేకుగా కూర్చుటలోను అది నేటికిని సమర్థమైనదే. ఒక స్టూడియోలో మొదలైన పని మఱియొక స్టూడియోలో, ఒక దేశములో రికార్డయిన తంత్రీవాద్యములు వేఱొక దేశములోని మిక్సింగు బల్లపై, చిక్కు లేకుండ తెఱచుకొనవలెనన్నచో అందఱికిని ఉమ్మడి సాధనము ఒకటి ఉండవలెను గదా. ఆ స్థానమును ప్రో టూల్స్ ఆక్రమించినది. పెద్ద స్టూడియోలు దానిని విడువకుండుటకు ముఖ్యకారణమిది. ఇంటిలో ఒంటరిగా కూర్చుండి తొలిపాట చేయువానికి ఈ కారణము ఏమాత్రమును వర్తింపదు.

క్యూబేస్, లాజిక్ అను వాని పుట్టుక వేఱు. 1983లో మిడి అను ఒడంబడిక వెలసినది. సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అను అమెరికను సంస్థకు చెందిన డేవ్ స్మిత్, రోలాండ్ అను జపాను సంస్థను స్థాపించిన ఇకుతారో కకెహాషి, వ్యాపారములో పోటీదారులయ్యు, ఈ విషయములో చేతులు కలిపినందున ఒకరు చేసిన కీబోర్డు మఱియొకరు చేసిన కీబోర్డుతో మాటాడగలిగినది. ఏ మీట ఎప్పుడు నొక్కబడినది, ఎంత బలముతో నొక్కబడినది, ఎప్పుడు విడువబడినది అను సమాచారమే మిడి. అందు ధ్వని లేదు. ఆ సమాచారమును వ్రాసికొని, దిద్దుకొని, మరల వాయింపజేయు సాధనము స్వరకర్తలకు కావలసివచ్చెను. మిడి తీగలను నేరుగా తగిలించుకొను రంధ్రములతో 1985లో అటారీ ఎస్.టి. అను చవక కంప్యూటరు రాగా, హాంబర్గు నగరమందలి స్టైన్‌బర్గ్ సంస్థ దానికొఱకు 1989లో క్యూబేస్‌ను రచించినది. ఇంచుమించు ఆ కాలముననే జర్మనీలోనే పుట్టిన మఱియొక సంప్రదాయము ఇమాజిక్ సంస్థ చేతులలో లాజిక్‌గా రూపొంది, 2002లో యాపిల్ సంస్థ కొనినది మొదలు యాపిల్ యంత్రములకే పరిమితమైనది. టేపు వారసత్వము ప్రో టూల్స్‌దైనచో, స్వరపత్రము వారసత్వము వీనిది. కీబోర్డు వాయించుచు, ఒక్కొక్క వాద్యమును ఒక్కొక్క వరుసగా ఊహించుచు పాటను కట్టువానికి ఇవి సహజముగా వశమగును. 1996లో స్టైన్‌బర్గ్ సంస్థ వి.ఎస్.టి. అను పద్ధతిని ప్రకటించి, ఇతరులు రచించిన ప్లగిన్లు తన సాఫ్ట్‌వేరులో ఇమిడి పనిచేయుటకు ద్వారము తెఱచినది. నేడు ఒక పిల్లవాని ల్యాప్‌టాపులో వీణ, వేణువు, వయొలిన్ల గుంపు నివసించుచున్నవనగా ఆ ద్వారము వలననే.

మన దేశములో కంప్యూటరుపై పాటను కట్టు ఈ మార్పు ఎట్లు వచ్చినదో తెలుగు శ్రోతలు చెవులారా ఎఱుగుదురు. అంతకుమునుపు కొన్ని దశాబ్దములపాటు మద్రాసు స్టూడియోలలో పదులకొలది వాద్యకారులు గాయకునితో కూడి ఒక్కసారిగా పాటను నడిపెడివారు. ఒక్క వయొలిన్ తప్పినచో అందఱును పల్లవికి మరలెడివారు. ఏ.ఆర్. రహమాన్ 1989లో చెన్నపట్టణమున తన ఇంటిపెరటిలో పంచతన్ రికార్డ్ ఇన్ అను చిన్న స్టూడియోను కట్టుకొని, పాటను పొరపొరగా, ఓపికగా, రాత్రులయందు నిర్మించు పద్ధతిని అలవఱచుకొనినారు. 1992లో వచ్చిన 'రోజా' పాటలు ఆ పద్ధతి ఫలములు. పాత పద్ధతిలోని సమష్టి ప్రాణము పోయినదని విచారించువారిలో నేనును ఒకడను. అయినను, పెరటిలోని గది చాలునను ధైర్యమును వేలాది యువకులకు ఇచ్చినది ఆ మార్పే.

తరువాత పుట్టిన సాఫ్ట్‌వేరులను గూర్చి త్వరగా చెప్పెదను. 1997లో బెల్జియము దేశమున ఇమేజ్-లైన్ అను సంస్థ ఫ్రూటీలూప్స్ అను పేర వెలువరించిన చిన్న డ్రమ్ము యంత్రమే నేటి ఎఫ్.ఎల్. స్టూడియో. గడులలో చుక్కలు పెట్టి బీటు కట్టు విధానము దాని ప్రాణము, హిప్‌హాప్, డి.జె. రీమిక్సులు, నృత్యగీతములు చేయువారు దానిని ప్రేమించుట సహజము. ఒక్కసారి కొన్నవానికి తరువాతి సంస్కరణములన్నియు ఉచితముగా నిచ్చు ధర్మమును ఆ సంస్థ నేటివఱకు పాటించుచున్నది. ఇది మెచ్చదగిన విషయము. బెర్లిన్‌లో వేదికలపై ఎలక్ట్రానిక్ సంగీతము వాయించువారు తమ కచేరీల కొఱకు కోరుకొన్న సాధనము 2001లో ఏబుల్‌టన్ లైవ్‌గా వచ్చినది. పాట ఇంకను తుదిరూపము దాల్చకముందే దాని తునుకలను ఇష్టమువచ్చిన వరుసలో మ్రోగించి చూచుటకు అది అనువైనది. వినాంప్ అను పాటలపెట్టెను 1997లో లోకమునకిచ్చిన జస్టిన్ ఫ్రాంకెల్ తరువాతి కాలమున నిర్మించినది రీపర్. దీనిని గూర్చి ముందు విస్తరించి చెప్పెదను. యాపిల్ యంత్రములతో ఉచితముగా వచ్చు గ్యారేజ్‌బ్యాండ్ 2004లో పుట్టినది. దానిని బొమ్మయని చిన్నచూపు చూడవలదు. అమెరికను గాయకుడు స్టీవ్ లేసీ తన తొలి పనులను ఐఫోనులోని గ్యారేజ్‌బ్యాండ్‌పై చేసినాడు. కెండ్రిక్ లామర్ 2017లో వెలువరించిన 'డ్యామ్' అను ఆల్బములో అట్లు చేసిన పాట యొకటి చోటు సంపాదించుకొన్నది.

ఇంతవఱకు చెప్పినది ఏ దేశపు పిల్లవానికైనను చెల్లును. మన పిల్లలకు ప్రత్యేకముగా చెప్పవలసినది వేఱొకటి యున్నది. నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినదియు అదియే.

ఈ సాఫ్ట్‌వేరులన్నిటిలోను, ఏ పనికై పుట్టినవానిలోనైనను, పాశ్చాత్య సంగీతపు నియమములు కొన్ని చెప్పకయే పునాదిగా వేయబడియున్నవి. కొత్త ప్రాజెక్టు తెఱచినంతనే చాలవానిలో నిమిషమునకు 120 దెబ్బల వేగము, నాలుగు దెబ్బల లెక్క సిద్ధముగా నుండును. స్వరములను వ్రాయు పటములో స్థాయికి పండ్రెండు మెట్లే కానవచ్చును. ఆ పండ్రెండును సరిసమానమైన దూరములలో నుండును. స్థాయిని 1200 సెంట్లుగా విభజించి మెట్టుకు నూరు చొప్పున పంచిన పంపకమది. మన తంబురను మీటి నిశ్శబ్దముగా చెవియొగ్గినచో మంద్రషడ్జపు తీగనుండి తనంత తానుగా అంతరగాంధారము పలుకును. అది షడ్జమునకు సుమారు 386 సెంట్ల యెత్తున నుండును. కంప్యూటరులోని అంతరగాంధారము 400 సెంట్ల యెత్తున నుండును. ఆ పదునాలుగు సెంట్ల అంతరము స్వల్పమే; అయినను తంబుర ట్రాకును, కీబోర్డు ట్రాకును ఒకదానిపై నొకటి పెట్టి, రెండింటి నడుమ గాయకుని నిలిపినప్పుడు, తన గొంతు ఎందులకు కుదురుట లేదో తెలియక అతడు తికమకపడును. తప్పు అతనిది కాదని అతనికి ఎవరైనను చెప్పవలెను.

గమకము సంగతి ఇంకను సున్నితమైనది. తోడిలోని గాంధారమును నిలువుగా ఒక్క మెట్టుపై నిలిపి పాడినచో అది తోడియే కాదు. అటు రిషభమునుండి ఇటు మధ్యమము వఱకు ఊగుచునే అది తన రూపమును నిలుపుకొనును. ఇట్టి స్వరమును మీటలపై నొక్కి మిడిలో వ్రాయబూనినవాడు పిచ్‌బెండ్ అను చక్రమును ఆశ్రయింపవలెను. ఆ చక్రమునకు 16384 మెట్ల సున్నితత్వమున్నది, కాని అది ఒక ఛానెలులోని స్వరములన్నిటిని ఒక్కుమ్మడిగా లాగును. ప్రతి స్వరమును వేఱువేఱుగా వంచుటకు వీలుకల్పించు ఎం.పి.ఇ. అను పద్ధతి 2018లో ప్రమాణముగా అంగీకరింపబడినది. నేడు లాజిక్, క్యూబేస్, ఏబుల్‌టన్ మొదలైనవి దానిని గ్రహించుచున్నవి. ఇక గొంతును సరిదిద్దు యంత్రముల మాట. ఆండీ హిల్డెబ్రాండ్ అను శాస్త్రజ్ఞుడు 1997లో ఆటో-ట్యూన్‌ను వెలువరించిననాటినుండి, శ్రుతి తప్పిన స్వరమును సమీపమందలి మెట్టుమీదికి లాగి కూర్చుండబెట్టు ప్లగిన్లు ప్రతి ఇంటను వెలసినవి. అవి గమకమును తప్పుగా భావించును. కంపితమును మెట్లుగా నఱకి, జారును గెంతుగా మార్చును. కొత్తవాడు తన తొలి ఏడాదిలో ఆ ప్లగిన్ల జోలికి పోకుండుట మేలని నేను గట్టిగా చెప్పుదును. తప్పిన పంక్తిని మరల పాడుటకు పట్టు కాలము దిద్దుటకు పట్టు కాలముకంటె తక్కువ, ఆపైన గొంతునకు సాధన కలుగును.

తాళమునకు వచ్చునప్పటికి చిక్కు తేలిక, కాని దానిని విప్పుకొనువారు అరుదు. మిశ్రచాపును ఏడుగా, ఖండచాపును అయిదుగా ప్రాజెక్టు ఆరంభముననే నిర్ణయించుకొనవలెను. అట్లు చేయక నాలుగు దెబ్బల లెక్కలో ఏడును ఇఱికించినవాడు, గీతలకు స్వరములను అతికించు స్నాప్ అను సౌకర్యము తన పాటను ఎక్కడికక్కడ కుంటించుచుండగా కారణమెఱుగక వేసారును. మెట్రోనోము దెబ్బలలో ఏది బలమైనదో ఏది తేలికయైనదో వరుసగా వ్రాసికొను వసతి రీపరులో నున్నది. ఏడులో ఒకటవ, నాలుగవ, ఆఱవ దెబ్బలను బలముగా పెట్టుకొనినవానికి మిశ్రచాపు నడక చెవిలోనే నిలుచును. ఇక రంగస్థల పద్యమునకు, రాగాలాపనకు తాళమే లేదు గదా. హార్మోనియముపై రాగము పట్టుకొని పద్యమును లాగి పాడు కళాకారుడు మెట్రోనోమును ఆపి, గీతలను తెరనుండి తొలగించి, కేవలము టేపు మీద పాడినట్లు పాడవలెను. ఆ రెండు మీటలెక్కడున్నవో మొదటి దినముననే తెలిసికొన్న పద్యగాయకుడు ఏ సాఫ్ట్‌వేరునైనను లొంగదీసికొనగలడు. డప్పు పాటలు చేయువారి అనుభవము మఱియొక విధము: ఈ సాఫ్ట్‌వేరులతో వచ్చు లూపుల భాండారములలో పాశ్చాత్య డ్రమ్ములకు కొదువ లేదు గాని, మన డప్పు నాదము వానిలో దొరకునని ఆశింపరాదు. వారికి నేనిచ్చు సలహా ఒక్కటే: తెచ్చిపెట్టుకొన్న తబలా లూపుతో సరిపెట్టుకొనక, ఊరిలోని డప్పుకారుని పిలిచి, తగిన పారితోషిక మిచ్చి, ఆరుబయట మైకు పెట్టి అతని దరువును రికార్డు చేసికొనుడు. అది మఱి యెవరియొద్దను లేని ఆస్తి యగును.

ఈ విచారమునుండి ఎన్నికకు సంబంధించిన ఒక నిర్ణయము తేలుచున్నది. మన దేశమున సంగీతములోనికి ప్రవేశించువారిలో అధికసంఖ్యాకులు గాయకులు. కీర్తన నేర్చినవారు, జానపదము పాడువారు, చర్చిలోనో భజనలోనో గొంతు విప్పినవారు. వారికి కావలసినది గొంతును, పక్కవాద్యమును స్వచ్ఛముగా రికార్డు చేసి, దిద్ది, కలుపు సాధనము. గడులలో బీట్లు కట్టు సాధనము కాదు. అట్టివారు చవక విండోసు ల్యాప్‌టాపు గలవారైనచో రీపరును పట్టుకొనవలెనని నా తీర్పు. అది కొద్ది మెగాబైట్ల చిన్న కార్యక్రమము. పాత యంత్రముమీదను బరువు లేకుండ నడచును. అఱువది దినములపాటు ఏ కొఱతయు లేకుండ పూర్తిరూపమున పరీక్షించుకొననిచ్చును. ఆ మీదట సొంత వాడుకకు 60 డాలర్లు, అనగా ఐదువేల రూపాయలకు పైచిలుకు, చెల్లింపవలెను. దాని తెర అందముగా లేదని కొందఱందురు. నిజమే, వాద్యములును దానితో రావు. గాయకునికి ఆ రెండును లోపములు కావు. చూపులేని కళాకారులకు అది చేయు మేలును ఇచ్చట ప్రత్యేకముగా చెప్పవలెను: ఓసారా అను ఉచిత అనుబంధమును చేర్చుకొని, తెరపై నున్నదానిని చదివి వినిపించు సాఫ్ట్‌వేరు తోడుతో, వారు మఱియొకరి కన్నులపై ఆధారపడకుండ తమ పాటను తామే రికార్డు చేసి మిక్సింగు చేసికొనగలుగుచున్నారు.

యాపిల్ యంత్రమున్నవారు గ్యారేజ్‌బ్యాండ్‌తో మొదలుపెట్టి, అది చాలదని తమకే తోచిననాడు లాజిక్‌నకు పోవుట మంచిది. గ్యారేజ్‌బ్యాండ్‌లో చేసిన ప్రాజెక్టును లాజిక్ నేరుగా తెఱచును. బీటు మొదట తోచి మాట తరువాత తోచువారు ఎఫ్.ఎల్. స్టూడియోకు పోవుదురుగాక. చేతిలో ఆండ్రాయిడ్ ఫోను తప్ప వేఱేమియు లేనివారు బ్యాండ్‌ల్యాబ్ అను ఉచిత సాధనముతో నేడే పని మొదలిడవచ్చును. ఈ తీర్పులన్నిటికిని మించిన నియమ మొకటి యున్నది: మీ ఊరిలో, మీ వీథిలో, మీ కళాశాలలో ఈ పని తెలిసినవాడు ఒక్కడున్నచో అతడు ఏది వాడుచున్నాడో అదియే వాడుడు. అర్ధరాత్రి శబ్దము రాక నిలిచిపోయినప్పుడు ప్రక్కన కూర్చుండి ఏ మీట నొక్కవలెనో చూపు మిత్రునికి సాటి రాగల సౌకర్యము ఏ సాఫ్ట్‌వేరులోను లేదు.

క్రాకు చేసిన దొంగ ప్రతుల మాట ఎత్తక తప్పదు. వేలరూపాయల విలువగల సాఫ్ట్‌వేరును పెన్‌డ్రైవులో పంచుకొనుట మన యువకులలో తప్పుగా తోచని అలవాటైనది. రేపు తన పాటను ఎవరో అనుమతి లేకుండ వాడుకొన్నప్పుడు గుండెలు బాదుకొనబోవు కళాకారుడు, నేడు మఱియొకరి శ్రమఫలమును అపహరించి తన కళాజీవితమును ఆరంభించుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. ధర్మము మాట అటుంచినను, ఆ ప్రతులతోడ వైరసులు వచ్చును. ప్లగిన్లు పాట నడుమ చచ్చిపడును. విండోసు కొత్త సంస్కరణమునకు మారిననాడు ప్రాజెక్టు తెఱచుకొనదు. ధనము లేని కాలమున ఉచితమైనవి ఇన్ని ఉండగా ఈ చౌర్యమునకు ఏ సాకును నిలువదు.

సాఫ్ట్‌వేరుపై వెచ్చింపక మిగిలిన ధనమును మైకుమీద, హెడ్‌ఫోనుమీద, ఆడియో ఇంటర్‌ఫేసుమీద వెచ్చింపవలెను. మైకు తీగను తగిలించుకొను రంధ్రము ఒకటైనను ఉండి, కండెన్సరు మైకునకు వలయు 48 వోల్టుల విద్యుత్తు నీయగల చిన్న ఆడియో ఇంటర్‌ఫేసు సాఫ్ట్‌వేరుకంటె పాటకు ఎక్కువ మేలు చేయును. పాడుచు తన గొంతును హెడ్‌ఫోనులో వినుచున్నప్పుడు ధ్వని వెనుకబడినచో, బఫరు అను సంఖ్యను తగ్గించుకొనవలెను: సెకనుకు 44,100 నమూనాల లెక్కలో 1024 బఫరు సుమారు 23 మిల్లీసెకనుల జాగు కలిగించును, అనగా ఎనిమిది మీటర్ల దూరమున నున్న మృదంగపు ధ్వని చెవి చేరుటకు పట్టునంత కాలము, 128కి దించినచో జాగు మూడు మిల్లీసెకనులకు తగ్గును, పాడువానికి అది తెలియదు. మిక్సింగు వేళ మరల పెంచుకొనవచ్చును. ఇంతకంటెను ముఖ్యమైనది, ఒక్క రూపాయి ఖర్చు లేనిది మఱియొకటి: పాడునప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపుడు, కిటికీలు మూయుడు, వెనుకగోడకు దుప్పట్లు వ్రేలాడదీయుడు. చెమటలు పట్టిన ఆ అయిదు నిమిషములలో రికార్డయిన గొంతును తరువాత ఏ ప్లగిన్నును అంతకంటె బాగుచేయజాలదు.

ఒక సాఫ్ట్‌వేరును పట్టుకొన్న పిదప మాటిమాటికి మార్చుట గొప్ప అనర్థము. క్లేశము కలిగిన ప్రతిసారియు, లోపము సాఫ్ట్‌వేరులో ఉన్నదని తలచి వేఱొకదానికి దుముకువాడు ప్రతిచోటను మొదటి నెలనే మరల మరల బ్రదుకును. రెండవ నెలలో కలుగు చనువు అతనికి ఎన్నడును దక్కదు. ఒక్కదానిపై పల్లవి, చరణములు, ముగింపు అన్నియు గల పాటలు కొన్ని, బాగున్నను బాగులేకున్నను, పూర్తిచేసిన తరువాతనే మార్పును గూర్చి ఆలోచింపవలెను. అప్పుడు మాత్రమే తనకు కొఱతయైనది ఏమో అతనికి తెలియును.

అయితే ఏ సంస్థనుగాని శాశ్వతమని నమ్మరాదు. 1987లో గ్రెగ్ హెండర్షాట్ రచించిన కేక్‌వాక్ ముప్పది యేండ్లు లక్షలమందికి అన్నము పెట్టిన సాఫ్ట్‌వేరు. దానిని కొనిన గిబ్సన్ అను గిటారు సంస్థ 2017 నవంబరులో దాని పనిని అకస్మాత్తుగా ఆపివేసినది. మఱుసటి యేడు సింగపూరుకు చెందిన బ్యాండ్‌ల్యాబ్ దానిని ఉద్ధరింపకున్నచో అందు చేసిన పాటల ప్రాజెక్టులు అనాథలై యుండెడివి. ఒక సాఫ్ట్‌వేరు ప్రాజెక్టును మఱియొకటి సాధారణముగా తెఱవలేదు. కాని వేవ్ అను ధ్వనిపత్రమును అన్నియు తెఱచును. కాబట్టి పాట ముగిసిననాడు ప్రతి ట్రాకును ఆరంభమునుండి అంతము వఱకు వేఱువేఱు వేవ్ పత్రములుగా తీసి, మిడిని మిడిగా తీసి, వేగమును, శ్రుతిని, తాళమును ఒక చీటిపై వ్రాసి అన్నిటిని ఒకచోట దాచవలెను. 24 బిట్ల మోనో ట్రాకు నాలుగు నిమిషములకు సుమారు 32 మెగాబైట్లు పట్టును. ఇరువది ట్రాకుల పాటయైనను ఒక చిన్న పెన్‌డ్రైవులో ఇముడును.

మన సంగీత కళాశాలల పెద్దలకు ఒక విన్నపము చేసికొనవలసియున్నది. విజయనగరమున 1919లో వెలసి, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా నడపిన కళాశాల ఎందఱికో నాదవిద్యను ప్రసాదించినది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అందు చదివినవారే. గొంతునకు శ్రుతిలయలను నేర్పిన అట్టి కళాశాలలు, ఆ గొంతును రికార్డు చేసికొను విద్యనుగూడ పాఠములో భాగముగా చేర్చవలెను. అందులకు లక్షలు అక్కఱలేదు. ఒక గది, ఒక సాధారణ కంప్యూటరు, ఒక మంచి మైకు, దుప్పట్లు కట్టిన గోడలు, రీపరు వంటి చవక సాఫ్ట్‌వేరు ఉన్నచో చాలును. వర్ణము నేర్చిన ప్రతి విద్యార్థియు దానిని తంబుర శ్రుతితో, మృదంగముతో కలిపి తానే రికార్డు చేసి, తానే విని, తన తప్పును తానే పట్టుకొనుట పరీక్షలో భాగము కావలెను. మిశ్రచాపును మెట్రోనోములో వ్రాయుట ఎట్లో, కీబోర్డు గాంధారమునకును తంబుర గాంధారమునకును భేదమెంతయో, ఆటో-ట్యూను కంపితమును ఏమి చేయునో, ఈ మూడును బోధింపదగినవారు మన సంగీతము తెలిసిన ఆ గురువులే. సాఫ్ట్‌వేరు నేర్పువారు వేలకొలదిగా దొరకుదురు. ఈ సంగతులు వారు చెప్పలేరు. రానున్న విద్యాసంవత్సరముననే ఒక్క కళాశాలయైనను ఈ పనికి పూనుకొనవలెనని, పూనుకొన్న కళాశాలకు సాంస్కృతిక శాఖ ఆ గదికి కావలసిన ధనమును సమకూర్చవలెనని ప్రార్థించుచున్నాను.